అద్దె యింట దస్త్రము
(డేటాబేసు క్లౌడును చేరిన చరిత్ర)

రాజ్యతంత్ర మెంత పెద్దదైనను లెక్కపత్రముల మీదనే నిలిచియుండును. పూర్వము తెలుగునాట ప్రతి గ్రామమునకు ఒక కరణము, ఆ కరణము నింట ఒక కవిలెకట్ట యుండెడివి. ఏ పొల మెవ్వరిది, శిస్తెంత, మాన్యము నెవ్వ రెవ్వరి కిచ్చిరి అను విషయము లన్నియు ఆ కట్టలోనే వ్రాయబడి యుండెడివి. కట్ట పోయినచో గ్రామమునకు జ్ఞాపకశక్తియే పోయినట్లు. కావుననే కరణము దానిని తన యింట, తన కన్నుల యెదుట భద్రపరచుకొనెడివాడు.

నేడు కాలము మారినది. ప్రభుత్వోద్యోగి జీతపు బిల్లు, భవిష్యనిధి ఖాతా, పింఛను వివరములు, సెలవులకు స్వగ్రామము పోవుటకై తీసికొను రైలు టిక్కెట్టు, ఇవి యన్నియు డేటాబేసు లనబడు యంత్రకవిలెలలో నమోదగుచున్నవి. అంతకన్న విశేషమేమనగా, అనేక సంస్థల డేటాబేసులు ఇప్పుడు ఆ సంస్థల స్వంత యంత్రములలో లేవు. ఎచ్చటనో యొక మహాభవనమున, ఒక పెద్ద యంత్రములో గంట కింత యని అద్దె కిచ్చిన యొక భాగమున అవి కాపురమున్నవి. ఆ భాగమునకు వర్చువల్ సర్వరు అనియు, ఈ యేర్పాటునకు క్లౌడ్, అనగా మేఘము, అనియు పేరు. దస్త్రము స్వంత యిల్లు విడిచి అద్దె యిల్లు చేరిన ఈ వృత్తాంతము సుమారు అరువదేండ్ల చరిత్ర. అందు రెండు పాయలున్నవి. ఒకటి డేటాబేసు కథ. రెండవది కల్పితయంత్రపు కథ. ఈ రెండును 2006వ సంవత్సరమునకు పిమ్మట ఒకచోట కలిసినవి.

పట్టికల పుట్టుక

లెక్కలను యంత్రముల కప్పగించు ప్రయత్నము జనాభా లెక్కలతో నారంభమైనది. అమెరికాలో 1880 నాటి జనాభా వివరములను క్రోడీకరించుటకు ఏడెనిమిదేండ్లు పట్టెను. హెర్మన్ హోలెరిత్ అను ఇంజనీరు రంధ్రములు పొడిచిన కార్డులను లెక్కించు యంత్రమును నిర్మించి, 1890 నాటి లెక్కలను శీఘ్రముగా ముగించుటకు దోహద మొనర్చెను. ఆయన స్థాపించిన సంస్థ మరికొన్నింటితో కలిసి 1924లో ఐ.బి.యం. అను పేరు వహించినది.

1960 దశకమున గణనయంత్రములలో డిస్కుల వాడుక విస్తరించెను. కార్డులను వరుసగా త్రిప్పవలసిన పని లేక, కావలసిన వివరమును నేరుగా అందుకొను సదుపాయము కలిగెను. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థకు ఐ.బి.యం. నిర్మించిన సేబర్ అను విమానటిక్కెట్ల వ్యవస్థ ఆ దశకమధ్యమునకు పూర్తిగా పనిలోనికి వచ్చెను. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చార్లెస్ బాక్మన్ ఒక దత్తాంశ వ్యవస్థను నిర్మించెను. చంద్రయాత్రకై అపోలో నౌకలు నిర్మాణమగుచున్న కాలమున, లక్షల కొలది విడిభాగముల జాబితాలను నిర్వహించుటకు ఐ.బి.యం. వారు ఐ.యం.ఎస్. అను మరియొక వ్యవస్థను కల్పించిరి. అది 1968 ఆగష్టులో కాలిఫోర్నియా యందలి డౌనీలో తొలిసారి పనికి సిద్ధమైనది.

ఈ తొలి వ్యవస్థలలో నొక చిక్కు కలదు. వివరములు చెట్టుకొమ్మల వలెనో, గొలుసుల వలెనో అమర్చబడి యుండెడివి. ఏ కొమ్మనుండి ఏ రెమ్మకు పోవలెనో తెలిసినవాడే ఆకును కోయగలడు. అమరిక మారినచో ప్రోగ్రాములన్నియు తిరిగి వ్రాయవలసినదే. ఈ చిక్కును విప్పినవాడు ఇంగ్లండున జన్మించి ఐ.బి.యం. వారి సాన్ హోసే పరిశోధనశాలలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ అను గణితవేత్త. 1970 జూన్ నెలలో ప్రచురించిన వ్యాసమున ఆయన ఒక సులభమైన సూత్రమును ప్రతిపాదించెను. సమాచార మంతయు పట్టికలుగా నుండవలెను. ఒక పట్టికకును మరియొక పట్టికకును సంబంధము, అందలి విలువల వలననే తెలియవలెను. ఉద్యోగుల పట్టికలో శాఖ సంఖ్య యున్నది. శాఖల పట్టికలోను అదే సంఖ్య యున్నది. ఆ రెంటిని జతపరచినచో ఏ యుద్యోగి ఏ శాఖవాడో తెలియును. అడుగువాడు ఏమి కావలెనో చెప్పిన చాలును. ఎట్లు వెదకవలెనో యంత్రమే చూచుకొనును.

పాతవ్యవస్థ మీద ఆదాయము గడించుచున్న ఐ.బి.యం. ఈ క్రొత్త సూత్రమును వెంటనే విపణిలోనికి తేలేదు. అయినను 1974 ప్రాంతమున అదే సంస్థలో ప్రయోగాత్మకముగా సిస్టం ఆర్ అను డేటాబేసు నిర్మాణమునకు పూనుకొనిరి. దానికై డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయిస్ కల్పించిన ప్రశ్నభాషయే నేటి ఎస్.క్యు.ఎల్. బోయిస్ ఆ సంవత్సరముననే అకాలమరణము నొందెను. బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ 1973లో ఇంగ్రెస్ అను డేటాబేసుకు ప్రారంభము చేసిరి. 1977లో స్థాపితమైన యొక చిన్న సంస్థ రెండేండ్లకు ఒరాకిల్ అను డేటాబేసును అమ్మకమునకు పెట్టెను. స్టోన్‌బ్రేకర్ 1986లో ప్రారంభించిన పోస్ట్‌గ్రెస్ అను క్రొత్త ప్రయత్నమునకు ఆండ్రూ యూ, జాలీ చెన్ అను విద్యార్థులు ఎస్.క్యు.ఎల్. భాషను జోడించిరి. 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యుఎల్ అను పేరు దాల్చిన ఆ కృతిని నాటినుండి పలుదేశముల నిర్మాత లొక సమాజముగా నేర్పడి పోషించుచున్నారు.

చిట్టా, ఆవర్జా

డేటాబేసుకు ప్రాణము పట్టికలు కావు, నమ్మకము. ఒక ఖాతానుండి నూరు రూపాయలు తీసి మరియొక ఖాతాలో వేయవలసి యున్నది. తీయుట ముగిసి, వేయుటకు ముందు విద్యుత్తు పోయినచో ఆ నూరు ఎవరివి? ఐ.బి.యం. పరిశోధకుడు జిమ్ గ్రే ఈ ప్రశ్నపై దీర్ఘముగా కృషి చేసెను. పని యంతయు జరుగవలెను, లేదా ఏమియు జరుగని యట్లుండవలెను. నడుమ స్థితి యుండరాదు. దీనికే ట్రాన్సాక్షన్ అని పేరు.

ఈ నియమమును సాధించు ఉపాయము మన వర్తకులకు క్రొత్తది కాదు. కొట్టులో బేరము జరుగగానే గుమాస్తా ముందు చిట్టాలో వ్రాయును. తీరిక చిక్కినపుడు ఆవర్జాలో ఎవరి పద్దు క్రింద వారికి ఎత్తి వ్రాయును. ఆవర్జా చెడినను చిట్టా యున్నచో లెక్క తిరిగి కట్టవచ్చును. డేటాబేసును ఇదే చేయుచున్నది. ప్రతి మార్పును ముందుగా ఒక దినచర్యాఫైలులో వ్రాసి, అది డిస్కుమీద స్థిరపడిన పిమ్మటనే "పని యైనది" అని చెప్పును. పట్టికలను ఆ తరువాత సవరించును. యంత్రము హఠాత్తుగా నిలిచినచో, మరల లేచినపుడు చిట్టాను చదివి తన లెక్కలను సరిచేసికొనును. ఈ యుపాయమున కొక యాధారము కావలెను. చిట్టా వ్రాసిన డిస్కు మరునాడు కూడ అచ్చటనే యుండవలెను. స్వంత యంత్రమున ఈ విషయము నెవ్వరును ప్రశ్నింపలేదు. అద్దెయంత్రము వచ్చిన పిమ్మట అదియే ముఖ్యప్రశ్న యైనది.

ఒక యంత్రమున పది యంత్రములు

రెండవ పాయ యీ విధమైనది. 1960 ప్రాంతమున గణనయంత్రము మహాధనవ్యయముతో కూడిన వస్తువు. ఒకరు వాడుచున్నంతసేపు ఇతరులు వేచియుండవలెను. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో 1961లో ఫెర్నాండో కోర్బటో బృందము, ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున పంచుకొను విధానమును ప్రదర్శించెను. అదే సంవత్సరమున జాన్ మెకార్తీ, టెలిఫోను వలె గణనశక్తి కూడ ఒక ప్రజోపయోగ సేవ కాగలదని ఊహించి చెప్పెను.

అమెరికా కేంబ్రిడ్జిలోని ఐ.బి.యం. శాస్త్రకేంద్రమున మరియొక అడుగు ముందుకు పడినది. అచ్చటి వారు యంత్రకాలమును పంచుటతో తృప్తిపడక, ప్రతివానికిని ఒక సంపూర్ణ యంత్రము తనకే చెందినదను భ్రాంతిని కల్పించిరి. 1967 ఆరంభమున పనిలోనికి వచ్చిన వారి సి.పి.-40 అను వ్యవస్థ, ఒక నిజయంత్రము మీద 14 కల్పితయంత్రములను నడుపగలిగెను. ఆ పరంపరలోని వి.యం./370 అను వ్యవస్థను 1972 ఆగష్టులో విపణిలో ప్రకటించిరి.

తరువాత చవుకయైన చిన్నయంత్రములు వచ్చుటతో ఈ విద్య మరుగుపడెను. ప్రతివానికి ఒక యంత్రము దొరకుచుండగా పంచుకొనవలసిన పని యేమి? కాని 1990 దశకాంతమునకు మరియొక విచిత్రము కానవచ్చెను. సంస్థలలో సర్వర్లు వరుసలు తీరి యున్నవి. వానిలో పెక్కు దినమున అధికభాగము ఊరక యున్నవి. 1998లో మెండెల్ రోజెన్‌బ్లమ్, డయాన్ గ్రీన్ మొదలగువారు స్థాపించిన వి.యం.వేర్ సంస్థ, సామాన్య యంత్రములపై గూడ కల్పితయంత్రములను నిలుపగల ప్రోగ్రామును సిద్ధపరచి మరుసటి సంవత్సరము విడుదల చేసెను. ఆ జాతి ప్రాసెసర్లు ఇట్టి పనికై నిర్మింపబడినవి కావు. కొన్ని ఆదేశములు తమకు అధికారము లేనిచోట తిరస్కరింపక మౌనముగా వేరొక ఫలితము నిచ్చుచుండెడివి. వాటిని నడకలోనే కనిపెట్టి మార్చివేయుట ఆ ప్రోగ్రాము నేర్పు. ఇంగ్లండు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునుండి 2003లో జెన్ అను ఉచిత వ్యవస్థ వచ్చెను. 2005, 2006 సంవత్సరములలో ఇంటెల్, ఎ.యం.డి. సంస్థలు ప్రాసెసరులోనే ఇందుకు తగిన సదుపాయమును చేర్చినవి.

అద్దెకు యంత్రము

అమెజాన్ అను పుస్తకవిక్రయ సంస్థ అప్పటికి మహావిపణిగా పెరిగి యుండెను. ఆ సంస్థ 2006 మార్చిలో ఫైళ్లను నిలువ యుంచు ఎస్3 అను సేవను, ఆగష్టులో కల్పితయంత్రములను అద్దె కిచ్చు ఇ.సి.2 అను సేవను ప్రారంభించెను. దక్షిణాఫ్రికా యందలి కేప్‌టౌను నగరమున నొక చిన్న బృందము, జెన్ ఆధారముగా ఈ రెండవదానిని నిర్మించెను. తొలియంత్రమునకు 1.7 గిగాబైట్ల మెమరీ, 160 గిగాబైట్ల డిస్కు. అద్దె గంటకు 10 సెంట్లు. యంత్రము కొనుటకు అనుమతి, టెండరు, రవాణా, ప్రత్యేకగది, చల్లని గాలి ఇత్యాదులకై నెలలు వేచియుండిన వారికి, నిమిషములలో సర్వరు చేజిక్కుట ఆశ్చర్యకరమే.

అయితే అద్దెయింటిలో నొక నిబంధన దాగియున్నది. యంత్రమును వదలివేసినను, దానిని మోయుచున్న నిజయంత్రము చెడిపోయినను, ఆ 160 గిగాబైట్ల డిస్కుమీద నున్నదంతయు పోవును. లెక్కలు కట్టి ఫలితము పంపివేయు పనులకు ఇది బాధకము కాదు. డేటాబేసుకు మాత్రము ఇది ప్రాణాంతకము. ఇల్లు ఖాళీ చేయగానే కవిలెకట్ట మాయమగునని తెలిసి ఏ కరణము అచ్చట కాపురముండును? కొందరు గడియగడియకు ప్రతులు తీసి ఎస్3 లోనికి పంపుచు కాలము గడపిరి.

2008 ఆగష్టులో దీనికి పరిష్కారము లభించెను. ఇ.బి.ఎస్. అను పేరుతో యంత్రమునకు వేరైన డిస్కును అద్దె కిచ్చిరి. ఒక యంత్రము పోయినను డిస్కు నిలుచును. దానిని మరియొక యంత్రమునకు తగిలింపవచ్చును. ఇల్లు మారినను పెట్టె తోడ వచ్చునట్లు. డేటాబేసు క్లౌడులో ధైర్యముగా నిలబడుటకు ఈ చిన్న యేర్పాటే ముఖ్యకారణము. 2009 అక్టోబరులో డేటాబేసును స్థాపించి, ప్రతులు తీయు పనిని గూడ సంస్థయే వహించు ఆర్.డి.యస్. సేవయు వచ్చెను. మైక్రోసాఫ్ట్, గూగుల్ మొదలగు సంస్థలు ఇదే మార్గమున నడచినవి.

స్థాపనలోని మర్మము

అద్దెయంత్రమున డేటాబేసును స్వయముగా నెలకొల్పువారు చేయుపని చూడ సులభమే. పని కెంత మెమరీ కావలెనో అంచనా వేసి యంత్రమును ఎన్నుకొందురు. వాడుకరులకు దగ్గరగా నున్న ప్రాంతమును కోరుకొందురు. డేటా కొరకు వేరొక డిస్కును తగిలించి, లినక్సు మీద పోస్ట్‌గ్రెస్‌క్యుఎల్ వంటి దానిని స్థాపించి, దాని నిలువను ఆ డిస్కుమీదికి మరలింతురు. ఇంతవరకు అరగంట పని.

మర్మమంతయు తరువాత నున్నది. స్థాపించిన వెంటనే పోస్ట్‌గ్రెస్‌క్యుఎల్ తన యంత్రములోని ప్రశ్నలకే చెవియొగ్గును. బయటివారి మాట వినదు. బయటినుండి రాదగిన వారెవరో యజమాని స్పష్టముగా చెప్పవలెను. 5432 సంఖ్యగల దాని ద్వారమును లోకమున కంతటికి తెరువక, తన ప్రోగ్రాము నడచు యంత్రమునకు మాత్రమే ఫైర్‌వాలులో అనుమతి యీయవలెను. ప్రోగ్రామునకు సర్వాధికారి పేరు గాక, కావలసినంత హక్కు మాత్రమే గల వేరొక పేరు నీయవలెను. దినదినము ప్రతి తీసి, చిట్టాఫైళ్లతో గూడ వేరొక చోటికి పంపవలెను. అన్నిటికన్న ముఖ్యమైనది, ఆ ప్రతినుండి డేటాబేసు తిరిగి లేచునో లేదో అప్పుడప్పుడు నిజముగా లేపి చూడవలెను. ఈ కడపటి మాటను ఉపేక్షించిన వారి కథలు చరిత్రలో కలవు.

నష్టములు నేర్పిన పాఠములు

2011 ఏప్రిల్ 21న అమెజాన్ వారి తూర్పు అమెరికా కేంద్రమున నెట్‌వర్కును మార్చుచుండగా, రద్దీ యంతయు పొరపాటున ఒక సన్నని మార్గమునకు మరలెను. డిస్కులు తమ జంటప్రతులతో సంబంధము కోల్పోయెను. దారి మరల తెరచుకొనగానే, అన్నియు ఒక్కసారిగా క్రొత్త ప్రతులకై చోటు వెదకుటతో చోటే చాలకపోయెను. దినముల తరబడి శ్రమించిన పిమ్మటను, ఆ విభాగమునందలి డిస్కులలో 0.07 శాతము సరియైన స్థితిలో తిరిగి రాలేదు. అంకె స్వల్పమే, ఆ స్వల్పములో తమ దస్త్రము గలవారికి అది నూటికి నూరు.

2017 జనవరిలో మాంగోడిబి అను డేటాబేసులు వేలకొలది దోపిడికి గురియైనవి. వానిని స్థాపించినవారు ద్వారము లోకమునకు తెరచి, సంకేతపదమైనను పెట్టలేదు. దొంగలు వచ్చి డేటాను తుడిచి, సొమ్మిచ్చినచో తిరిగి యిత్తుమని చీటీ పెట్టి పోయిరి. తాళము చెడినది కాదు, వేయబడలేదు.

అదే నెల 31వ తేదీన గిట్‌ల్యాబ్ అను సంస్థలో మరియొక విపత్తు సంభవించెను. రాత్రి పొద్దుపోయిన వేళ, ఉపడేటాబేసును సరిచేయుచున్న యొక ఇంజనీరు, దాని ఫైళ్లను తొలగించుచున్నా ననుకొని ప్రధాన డేటాబేసు ఫైళ్లను తొలగించెను. పొరపాటు తెలిసి ఆపునప్పటికి 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలియుండెను. దినసరి ప్రతులకై చూడగా అవి లేవు. ప్రతి తీయు ప్రోగ్రాము డేటాబేసుతో పొసగని పాత కూర్పు గావున, అది చాలకాలముగా విఫలమగుచుండెను; ఆ సంగతి తెలుపు జాబులును అందలేదు. అదృష్టవశమున, వేరొక పనికై ఆరుగంటలకు ముందు తీసిన యొక ప్రతి దొరకుటచే సంస్థ బ్రతికెను. ఆ వ్యవధిలో జరిగిన మార్పులు మాత్రము దక్కలేదు. ఇంజనీరును బలిచేయక, జరిగినదంతయు ఆ సంస్థ లోకమునకు బహిరంగముగా ప్రకటించుట ప్రశంసనీయము.

ప్రభుత్వోద్యోగుల నందరను ఆలోచింపజేయదగిన ఘటన 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో జరిగెను. దేజన్ నగరమునందలి జాతీయ సమాచార కేంద్రమున, లిథియం బ్యాటరీలను తరలించు పనిలో మంటలు రేగి ఆరువందలకు పైగా ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయినవి. అనేకము క్రమముగా కోలుకొన్నవి. కాని ఉద్యోగులు తమ కార్యాలయ పత్రములను దాచుకొను జి-డ్రైవ్ అను నిలువ దగ్ధమైపోయెను. అది డేటాబేసు గాక ఫైళ్ల భాండాగారమే యైనను పాఠ మొక్కటే. అందు 858 టెరాబైట్ల సమాచార మున్నది. పరిమాణము మిక్కిలి పెద్దదను కారణమున దానికి బయట ప్రతి యుంచలేదు. ఉద్యోగుల యేండ్ల కృషి ఒక్కరాత్రిలో బూడిద యైనది.

భారతదేశమున

మనదేశమున నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు 1976లో స్థాపితమై, కేంద్రరాష్ట్ర కార్యాలయములకు గణనసేవ నందించుచు వచ్చినది. సామాన్యప్రజ తొలిసారి డేటాబేసు మహిమను చూచినది రైల్వే రిజర్వేషను కౌంటరు నొద్ద. 1980 దశకమధ్యమున ఢిల్లీలో యంత్రము ద్వారా టిక్కెట్లు ఇచ్చుట మొదలైనది. ఒక కేంద్రమువారు మరియొక కేంద్రపు బెర్తులను గూడ చూడగల్గు కాన్సర్ట్ అను వ్యవస్థ 1994లో సికింద్రాబాదులో నెలకొన్నది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రము లైదును ఒక్కటైనవి. ఢిల్లీలో నున్న తెలుగు కుటుంబము, సంక్రాంతికి పోయి వచ్చుటకు రెండు ప్రయాణముల టిక్కెట్లను ఒకేచోట తీసికొనగలిగిన దీ యేర్పాటు వలననే.

2014లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు, మేఘరాజ్ అను ప్రభుత్వ క్లౌడును ప్రారంభించెను. ఆ సంస్థ జాతీయ కేంద్రములలో ఢిల్లీ, పుణే, భువనేశ్వరములతోబాటు హైదరాబాదు కూడ నున్నది. ఒకచోట ప్రమాదము జరిగినచో మరియొకచోట పని సాగవలెనన్న దూరదూరముగా నుండుట అవసరము. అమెజాన్ సంస్థ 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను తన ప్రాంతీయ కేంద్రములను తెరచినది. కవిలెకట్టలు విడిచిన తెలుగునేల మీదికే మేఘము వచ్చి నిలిచినది.

తెలుగువారికి ప్రతి యొక్క విలువ క్రొత్తగా తెలియవలసినది కాదు. కల్నల్ మెకంజీ, కావలి సోదరుల సహాయమున గ్రామకవిలెలనుండి కైఫియ్యతులను వ్రాయించి కూర్చెను. ఆయన 1821లో మరణించిన పిమ్మట ఆ కాగితములు పురుగు తినుచు, సిరా వెలిసిపోవుచు నుండెను. సి. పి. బ్రౌను వానిని చూచి, వ్రాయసకాండ్ర నియమించి, క్రొత్త సంపుటములలోనికి ఎత్తి వ్రాయించెను. ఆ ప్రతులు నేటికిని మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నవి. తెలుగుదేశ గ్రామచరిత్రలో మనకు దక్కిన భాగము చాలవరకు ఆ రెండవ ప్రతి చలువయే.

యంత్రము స్వంతమా, అద్దెదా యనునది ధనమునకు, సౌకర్యమునకు సంబంధించిన ప్రశ్న. దస్త్రమునకు బాధ్యు డెవ్వడనునది వేరొక ప్రశ్న. యంత్రమును, డిస్కును, విద్యుత్తును అద్దె కీయవచ్చును. బాధ్యతను అద్దె కిచ్చువా డింకను పుట్టలేదు. తన కార్యాలయపు డేటాబేసు ఏ మేఘమున నున్నను, రెండవ ప్రతి ఎచ్చట నున్నది, దానిని కడపట ఎవ్వరు ఎన్నడు తెరచి చూచిరి అని అడుగు నుద్యోగియే ఈనాటి కరణము.